ఆండాలు వెబ్‌సైటుకు పేరు కుదిరిన కథ

పాతబస్తీ జహనుమాలో మా సందు చివర అంజన్ పాల కొట్టం ఉంది. పద్నాలుగు బర్రెలు, సుల్తాన్ అనే దున్నపోతు ఒకటి. పాతికేళ్లుగా మా ఇంటికి పాలు అక్కడి నుంచే. పొద్దున గిన్నె పట్టుకుని వెళ్తే అంజన్ భార్య ఆండాలు పాలు కొలిచి పోస్తుంది. ఆ రెండు నిమిషాల్లోనే నాలుగు ముచ్చట్లు చెబుతుంది. నేను బడిలో లెక్కలు చెబుతాను కనుక నన్ను సారూ అని పిలుస్తుంది. తన వ్యాపారానికి వెబ్‌సైటు పేరు ఎంచుకున్న కథంతా అలా రోజుకు రెండు నిమిషాల చొప్పున నాకు తెలిసింది. అందులో కొంత భాగంలో నేనూ ఉన్నాను. అక్కడ నా పరువు కొంచెం పోయింది కూడా.

ఆండాలు పుట్టిల్లు చాంద్రాయణగుట్ట. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన ఏడాదే సదర్‌కు అత్త రుక్మిణమ్మ పక్కన కూర్చుని గవ్వలు కుట్టడం మొదలుపెట్టింది. దీపావళి వెళ్లాక మా నగరంలో యాదవులు తమ దున్నపోతులను కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగు వేసి, డప్పులతో ఊరేగిస్తారు. అదే సదర్. ఊరేగింపులో ఎవరి దున్నపోతు ఎంత నిగనిగలాడుతుందో, ఎవరిది ఎంత బాగా ముస్తాబైందో అని పెద్ద పోటీ. రుక్మిణమ్మ తమ ఇంటి దున్నపోతుకు ఏటా కొత్త దండ కుట్టేది. వెడల్పాటి నవారు మీద గవ్వలను వరుసలుగా పేర్చి, దబ్బనంతో ఒక్కొక్కటీ బిగించి, అంచులకు రంగురంగుల ఉన్ని కుచ్చులు వేలాడదీసి, నడుమ గజ్జెలు కట్టేది. ఆమెకు కంటిచూపు మందగించాక ఆ పని ఆండాలు చేతికి వచ్చింది.

ఆండాలు అత్త కంటే ఒక అడుగు ముందుకు వేసింది. మెడకొక్కటే కాకుండా నుదుటికి, కాళ్లకు, నడుముకు జతగా కుట్టేది. ఆరేళ్ల కింద ఒక సదర్‌లో సుల్తాన్ ఆ మొత్తం జత వేసుకుని నడిచింది. దాన్ని చూసినవాళ్లు మరుసటి రోజు పొద్దున కొట్టం ముందుకొచ్చి నిలబడ్డారు. మాకూ కుట్టిపెట్టమని అడిగారు. ఆ ఏడాది నాలుగు జతలు, పై ఏడాది పందొమ్మిది. ఫోన్లో ఫొటోలు ఒకరి నుంచి ఒకరికి వెళ్లి, కరీంనగర్ నుంచి, నాసిక్ నుంచి, ఆఖరికి దున్నపోతులను కొనడానికి అంజన్ వెళ్లే హర్యానా నుంచి కూడా ఆర్డర్లు రావడం మొదలైంది. పాల పని అంజన్‌ది, గవ్వల పని ఆండాలుది అని ఇంట్లో నిర్ణయమైపోయింది. వాడలో మరో ముగ్గురు ఆడవాళ్లు మధ్యాహ్నాలు వచ్చి ఆమెతో కలిసి కుట్టేవాళ్లు.

మొదటి వెబ్‌సైటు మూడేళ్ల కిందటిది. సదర్ వీడియోలు తీయడానికి వచ్చిన అనురాగ్ అనే కుర్రాడు, అక్కా నీ పనికి ఒక వెబ్‌సైటు ఉండాలె అని, ఆండాలు ఆర్ట్స్ అన్న పేరుతో తానే తయారుచేసి పెట్టాడు. మంచివాడు, పని కూడా శుభ్రంగా చేశాడు. ఆండాలు ఆ పేరును విజిటింగ్ కార్డుల మీద వేయించి వచ్చినవాళ్లందరికీ ఇచ్చింది. కొన్నాళ్లకు అనురాగ్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు వచ్చి చెప్పి, ఒక చెంబు మజ్జిగ తాగి మరీ వెళ్లాడు.

కిందటేడు వానాకాలం చివర్లో నాసిక్ నుంచి పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేశాడు. ఏదో చెప్పడానికి మొహమాటపడుతున్నాడు. చివరికి విషయం చెప్పాడు. ఆమె వెబ్‌సైటు తెరిస్తే పేకాట ఆడమని, చేరితే బోనస్ ఇస్తామని వస్తోందట. ఆండాలు నమ్మలేదు. కూతురు గీతాంజలి ఫోన్లో తెరిచి చూస్తే నిజమే. గవ్వల దండలు ఉండాల్సిన చోట పేక ముక్కలు, వాటి పక్కన ఒక అమ్మాయి బొమ్మ. గీతాంజలి సంతోష్‌నగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రిసెప్షన్ చూస్తుంది, కంప్యూటర్ సంగతులు కొంచెం తెలుసు. ఆ పేరు గడువు తీరిపోయి ఉంటుందని, ఎవరో కొనుక్కుని ఉంటారని చెప్పింది.

అనురాగ్ పాత నంబరు పనిచేయలేదు. ఆండాలు అతని తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి కొత్త నంబరు తెచ్చుకుంది. విషయం వినగానే అతను బాధపడ్డాడు. ఏడాదికోసారి పేరును రెన్యువల్ చేయాలి, ఆ సంగతి గుర్తుచేసే మెయిల్ తన పాత ఆఫీసు మెయిల్‌కు వచ్చింది, తాను చూడలేదు. ఇప్పుడు వెనక్కి తెచ్చుకునే దారి ఏదైనా ఉందా అని ఆండాలు అడిగింది. కష్టమని చెప్పాడు. ఎందుకు, ఆ పేరు నాది కదా అని ఆమె అంది.

"పేరు నీదే అక్కా. కానీ రిజిస్ట్రేషన్ నా మీద ఉండె. నా మెయిలు, నా ఫోన్ నంబరు. కాయితం మీద నువ్వు లేవు."

అతని మీద తనకు కోపం రాలేదని ఆండాలు నాతో చెప్పింది. తన మీదే వచ్చిందట. కొట్టం ఉన్న జాగాకు కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో పక్కాగా తెలిసిన మనిషి, దీని గురించి ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు మధ్యాహ్నం మిగిలిన విజిటింగ్ కార్డులన్నీ ముందేసుకుని, ఒక్కొక్కదాని మీద వెబ్‌సైటు పేరున్న గీతను నల్లపెన్నుతో కొట్టేసింది. తరువాత గీతాంజలిని పిలిచి, ఇంకో పేరు తీసుకుందామని, ఈసారి తానే తీసుకుంటానని చెప్పింది.

పేరు ఏం పెట్టాలన్న దాని మీద ఇంట్లో వారం రోజులు లొల్లి. అంజన్‌కు అనుమానమే లేదు, సుల్తాన్ అని పెట్టాలి. ఊరంతా తెలిసిన దున్నపోతు అది. గీతాంజలి వెతికి చూస్తే ఆ పేరు ఏనాడో ఎవరో తీసుకుని అమ్మకానికి పెట్టారు. ఆ ధరకు నాలుగు ముర్రా బర్రెలు వస్తాయి. అంజన్ అది తనకే అవమానమనుకుని రెండు రోజులు ముభావంగా తిరిగాడు. రుక్మిణమ్మ మహంకాళి అమ్మవారి పేరు పెట్టమంది. అమ్మవారి పేరున్న కార్డు ఎవరైనా నేల మీద పడేస్తే కాలు తగులుతుందని ఆండాలే వద్దంది. ఆమె గవ్వలు, నవారు కొనే అఫ్జల్‌గంజ్ వ్యాపారి రామ్‌చందర్ మాత్రం పేరులో బఫెలో అన్న మాట తప్పక ఉండాలని, అప్పుడే వెతికేవాళ్లకు దొరుకుతుందని సలహా ఇచ్చాడు. గీతాంజలి రాయల్ బఫెలో ఫ్యాషన్ అని ఒకటి కాగితం మీద రాసింది. ఆండాలు దాన్ని పైకి చదవడానికి ప్రయత్నించి, ఫోన్లో కస్టమర్‌కు తానే చెప్పలేని పేరు తనకెందుకని పక్కన పెట్టింది.

ఆ మాట దగ్గరే ఆమెకు అసలు సంగతి తట్టింది. తన కస్టమర్లు కార్డు చూసి టైప్ చేసేది తక్కువ. ఎవరో ఒకరు ఫోన్లో చెబితే విని టైప్ చేసుకునేదే ఎక్కువ. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే ఇంటి తలుపు తెరుచుకుంటుంది. అందుకని ముందు పేరు చెప్పి చూడాలి, వినేవాళ్లు దాన్ని ఎలా రాస్తారో చూసుకోవాలి.

ఆమె పదకొండు మందిని ఎంచుకుంది. అందులో తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, హర్యానావాళ్లు ఇద్దరు, పక్క వీధి ఉర్దూ మాట్లాడే దర్జీ ఒకాయన, నేను ఉన్నాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పేరు ఒకే ఒక్కసారి చెప్పి, దాన్ని ఇంగ్లీషులో రాసి వాట్సాప్ పంపమంది. రెండోసారి చెప్పమంటే చెప్పలేదు.

మొదట గవ్వలపట్టి అన్న పేరు చెప్పింది. పదకొండు మంది నుంచి తొమ్మిది రకాలుగా వచ్చింది. కొందరు ఒక వి, కొందరు రెండు, చివర ఐ అని కొందరు, వై అని కొందరు. నాసిక్ ఆయన గవాలా పార్టీ అని రాసి, పార్టీ ఎప్పుడని అడిగాడు. ఆ పేరు పోయింది.

తరువాత తన పేరే చెప్పింది. ఆండాలు అని. మొదట్లో ఒక ఏ అని ఇద్దరు, రెండు ఏలని నలుగురు, చివర యు లేకుండా ఇద్దరు రాశారు. అదైనా ఫర్వాలేదు, రెండు మూడు తీర్లే కదా అనుకునేంతలో హర్యానా నుంచి సందేశం వచ్చింది. అండా ఆలూ అని ఉంది. ఆమె పేరు ఆయనకు అలా వినబడింది. కోడిగుడ్డు, ఆలుగడ్డ. గీతాంజలి నవ్వి నవ్వి మంచం మీద పడిపోయిందట. రుక్మిణమ్మకు ఎవరూ తర్జుమా చేసి చెప్పకపోతే ఆమె చాలాసేపు, ఏమైందే, ఏమైందే అని అడుగుతూనే ఉంది. మరుసటి రోజు పాలు పోస్తూ ఆండాలే నాకు ఈ సంగతి చెప్పింది.

"నలభై ఎనిమిదేండ్లు వచ్చినయి సారూ. నా పేరుల గుడ్లు, ఆలుగడ్డలు ఉన్నయని నాకింతవరకు ఎరుక లేకపాయె."

ఆ తరువాత ఒక వారం కొత్త పేర్లు ఏవీ తోచలేదు. ఒక రోజు మధ్యాహ్నం కొట్టంలో పని తక్కువున్నప్పుడు ఆమె ఫోన్ పట్టుకుని, ఐదేళ్లుగా వచ్చిన ఆర్డర్ల సందేశాలు పాత వాటి నుంచి చదువుకుంటూ వచ్చింది. తాను కుట్టేవాటిని ఆమె గవ్వల పట్టీలంటుంది. రుక్మిణమ్మ దండలంటుంది. కొనేవాళ్లు మాత్రం ఆ రెండు మాటలూ అనడం లేదు. సదర్ మాల రెడీనా అని కరీంనగర్ వాళ్లు అడిగారు. సదర్ వాలీ మాలా భేజో, అంటే పంపమని, హర్యానావాళ్లు రాశారు. నాసిక్ ఆయన కూడా సదర్ మాలా అనే రాశాడు. ఆమె వస్తువుకు జనం ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. ఆమెకే తెలియదు.

మళ్లీ పదకొండు మందికీ ఫోన్లు వెళ్లాయి. సదర్‌మాల. పది మంది ఒకే తీరుగా రాసి పంపారు, ఒక్క అక్షరం తేడా లేకుండా. పదకొండో మనిషి మాలలో ఎం తరువాత రెండు ఏలు పెట్టాడు. ఆ మనిషిని నేనే. మర్నాడు పొద్దున ఆండాలు ఎప్పటిలాగే నా గిన్నెలో పాలు కొలిచి పోసింది. రుక్మిణమ్మ మాత్రం మంచం మీద నుంచి, బడిల పిల్లలకు ఏం చెప్తున్నవు బిడ్డా అని అడిగింది.

పేరు ఖాళీగానే ఉందని గీతాంజలి చూసి చెప్పింది. డాట్ కామ్ ఉంది, డాట్ ఇన్ కూడా ఉంది. రుక్మిణమ్మ మంచిరోజు చూసి తీసుకుందామంది, వచ్చే గురువారం బాగుందని కూడా చెప్పింది. ఆండాలు అత్త మాట సాధారణంగా తీసెయ్యదు. ఈసారి మాత్రం, గురువారం దాకా ఆ పేరు మన కోసం ఆగుతదని నాకు నమ్మకం లేదత్తమ్మా అని, ఆ ఆదివారమే కూతురిని కూర్చోబెట్టింది.

ముందు ఆమెకు మెయిల్ లేదని తేలింది. ఇంతవరకు అన్నింటికీ గీతాంజలి మెయిలే ఇచ్చేది. నాది ఇవ్వనా అమ్మా అని గీతాంజలి అడిగితే ఆండాలు ఒప్పుకోలేదు. రేపు నీకు పెండ్లయి పోతవు, నాకు మళ్ల అనురాగ్ కథే అయితది అంది. అలా ఆమెకు మొదటిసారి సొంత మెయిల్ తయారైంది. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు గీతాంజలిని అటు తిరగమంది. అది ఏమిటో ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫారంలో ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ అని అడిగిన చోట ఆధార్ కార్డు ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు తన వేలితోనే కొట్టింది. తరువాత వచ్చిన తెర మీద చాలా టిక్కులు ముందే పెట్టి ఉన్నాయి. ఐదేళ్లకు తీసుకోండి, భద్రత తీసుకోండి, మెయిల్ ప్యాకేజీ తీసుకోండి, వెబ్‌సైటు తయారీ సరంజామా తీసుకోండి. గీతాంజలి ఓకే అని నొక్కబోతుంటే ఆండాలు చెయ్యి పట్టుకుంది. బేగంబజార్‌లో పాతికేళ్లుగా బేరం చేస్తున్న మనిషి ఆమె. ఒక్కొక్కటీ చదివించుకుంది, అర్థం అడిగింది, అవసరం లేదనుకున్న టిక్కులన్నీ తీయించింది. మొదటి ఏడు ఇంత చవకగా ఇస్తున్నారు, మరి రెండో ఏడు ఎంతని అడిగింది. గీతాంజలి ఆ సంగతి ఆలోచించలేదు. వెతికితే చిన్న అక్షరాల్లో దొరికింది, మొదటి ఏడాది ధరకు నాలుగు రెట్లు. ఆండాలు వేరే కంపెనీ పేజీ తెరిపించి, అక్కడ మొదటి ఏడూ రెండో ఏడూ దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ తీసుకుంది. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ.

రెండెందుకని గీతాంజలి అడిగింది.

"పక్కపక్కన రెండు దుకాణం మడిగెలున్నయి. ఒకటి మనం తీసుకొని రెండోది విడిచిపెడితే, రేపు ఎవడో వచ్చి అందుల గదే సామాను పెట్టి కూసుంటడు. తాళం వేసి పెట్టుకుందాం, ఏం నష్టం."

చివర్లో ఓటీపీ దగ్గర బండి ఆగింది. బ్యాంకు ఖాతా ఆండాలుదే కానీ, దానికి ఇచ్చిన ఫోన్ నంబరు అంజన్‌ది. అంజన్ ఆ రోజు హర్యానాలో రోహ్‌తక్ దగ్గర పశువుల సంతలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గడువు తీరిపోయింది. రెండోసారి ఎత్తాడు. చుట్టూ అరుపులు, అంకెలు సగం వినబడలేదు, మళ్లీ గడువు తీరింది. మూడోసారి అతను సంత బయటికి నడిచి వచ్చి, ఒక్కో అంకెను హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. నేను ఇక్కడ దున్నపోతు పండ్లు చూస్తుంటే నువ్వు నంబర్లు అడుగుతున్నవేందని కసురుకున్నాడు కూడా. పేరు మాత్రం వచ్చింది. మరుసటి రోజు పదింటికి ఆండాలు బ్యాంకు తలుపు ముందు నిలబడి, ఖాతాకు తన నంబరు ఎక్కించుకుని ఇంటికొచ్చింది.

గీతాంజలి రెడీమేడ్ నమూనా ఒకటి తీసుకుని ఒక పేజీ తయారు చేసింది. మెడకు, నుదుటికి, కాళ్లకు వేరువేరుగా ఫొటోలు, దున్నపోతు మెడ కొలత ఎలా తీయాలో చూపే బొమ్మ, కింద వాట్సాప్ బటన్. బొమ్మ కోసం సుల్తాన్ అరగంట కదలకుండా నిలబడింది. కొత్త కార్డులు అచ్చయ్యాయి. సదర్ ఇంకా నెల రోజులుంది. ఆర్డర్లు మొదలయ్యాయి.

పేరు తీసుకున్నాక సరిగ్గా పదహారో రోజు వెబ్‌సైటు ఆగిపోయింది.

కరీంనగర్ నుంచి కొత్త కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, మీ పేజీ తెరుచుకోవడం లేదన్నాడు. ఆండాలు తన ఫోన్లో చూసుకుంది. దండలు లేవు, ఇంగ్లీషులో ఏదో నోటీసు ఉంది. గీతాంజలి డ్యూటీలో ఉంది, ఫోన్ ఎత్తదు. రుక్మిణమ్మ దిష్టి తగిలిందంది, ఎండుమిరపకాయలు తెమ్మంది. అంజన్ కొత్తగా కొన్న దున్నపోతుతో అంతకు ముందు రోజే తిరిగి వచ్చాడు. ఎవడో చేసి ఉంటాడని, వాడెవడో చెబితే తాను చూసుకుంటానని చొక్కా చేతులు పైకి మడిచాడు. ఎవరిని చూసుకోవాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఆండాలు ఆ మాటలు వింటూ మంచం మీద కూర్చుంది. లోపల భయంగానే ఉందట. మళ్లీ పేక ముక్కలు వస్తాయేమో, మళ్లీ నాసిక్ ఆయన మొహమాటపడుతూ ఫోన్ చేస్తాడేమో అని. కానీ కిందటిసారికీ ఈసారికీ ఒక తేడా ఉందని ఆమెకు తట్టింది. ఈసారి అడగడానికి ఎవరి ఇంటి గుమ్మమూ వెతకక్కర్లేదు. పేరు కొన్నప్పుడు మెయిల్‌కు వచ్చిన రసీదు తెరిచింది. దాని కింద కంపెనీ సహాయ నంబరుంది. కొట్టంలో చేతులు కడుక్కుని వచ్చి ఫోన్ చేసింది.

అవతల మాట్లాడిన అమ్మాయి హిందీలో మాట్లాడింది. ఆండాలు మన పాతబస్తీ హిందీలో మాట్లాడింది. పేరు ఎవరి మీద ఉందని ఆ అమ్మాయి అడిగితే, మేరేచ్ నామ్ పే హై, నా పేరు మీదనే ఉంది అని చెప్పింది. మెయిల్ ఏది, ఫోన్ నంబరు ఏది అని అడిగిన ప్రతిదానికీ జవాబు ఆమె దగ్గరే ఉంది. ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు. అన్నీ సరిపోయాక ఆ అమ్మాయి సంగతి చెప్పింది. డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, కొత్తగా తీసుకున్నవాళ్లకు, ఈ మెయిల్ నిజంగా మీదేనా అని ఒక లేఖ వస్తుంది. అందులోని లింకు పదిహేను రోజుల్లో నొక్కాలి. నొక్కకపోతే పేరు మీదే ఉంటుంది కానీ వెబ్‌సైటు ఆగిపోతుంది.

అలాంటిదేదీ నాకు రాలేదని ఆండాలు అంది. స్పామ్‌లో చూడండి అని ఆ అమ్మాయి అంది. స్పామ్ అంటే ఏమిటో, అది ఎక్కడుంటుందో ఓపికగా చెప్పింది. ఆండాలు చెప్పినట్టే నొక్కుకుంటూ వెళ్లింది. లాటరీ తగిలిందన్న లేఖ ఒకటి, బట్టతలకు మందు ఒకటి, ఆ రెంటి నడుమ ఆమె పేరు రాసి ఉన్న లేఖ, పదహారు రోజులుగా అలాగే పడి ఉంది. లింకు నొక్కింది. పచ్చటి టిక్కు వచ్చింది.

సాయంత్రం పాలు పిండే వేళకు పేజీ తిరిగి తెరుచుకుంది. అప్పుడే నేను పాలకు వెళ్లాను. ఆమె పొదుగు దగ్గర నుంచి లేవకుండా, తల తిప్పి నా జేబులోని ఫోన్‌ను చూపించింది.

"తెరువుండ్రి సారూ. మీ ఫోన్ల వస్తుందా చూడుండ్రి. మాలల ఎం తర్వాత ఒకటే ఏ, యాది పెట్టుకోండ్రి."

వచ్చింది. ఆమె మళ్లీ పాలు పిండడంలో పడిపోయింది. ఈ పక్కన నిలబడ్డ నాకు ఆమె ముఖం సగమే కనబడింది. ఆ సగం ముఖం నవ్వుతోంది.

ఆ ఏడాది సదర్ జోరుగా సాగింది. వాడలోని ఆడవాళ్లు ముగ్గురు కాస్తా ఏడుగురయ్యారు. పండుగకు వారం రోజుల ముందు ఆమె ఇంటి వరండాలో నడవడానికి చోటు లేదు, ఎక్కడ చూసినా గవ్వలు, ఉన్ని. సుల్తాన్ ఊరేగింపులో నడిచినప్పుడు అంజన్ దాని ముందు ఆడాడు, పక్కనే వచ్చినవాళ్లకు కార్డులు పంచాడు. పేరు విషయంలో తన మాట చెల్లలేదన్న సంగతి అప్పటికి మరిచిపోయాడు.

పండుగ అయిపోయాక ఇక పని ఉండదని, వచ్చే ఏడాది దాకా దబ్బనాలు పెట్టెలో పెట్టుకోవచ్చని ఆండాలు అనుకుంది. కార్తీకం సగంలో ఉండగా వెబ్‌సైటు నుంచి ఒక సందేశం వచ్చింది. పురానాపూల్ దగ్గర పెళ్లి బరాత్‌ల కోసం గుర్రాలు పెంచే ఆయన రాశాడు. పెళ్లిళ్ల సీజన్ మొదలవుతోంది, ఆ గవ్వల మాలలు తన గుర్రాలకు సరిపోతాయా అని అడిగాడు. సరిపోతాయో లేదో ఆండాలుకూ తెలియదు. ఆమె జీవితంలో గుర్రం మెడ పట్టుకోలేదు.

ఫోన్లో కొలతలు అడగడం కన్నా చూసి రావడం మేలనుకుని, టేపు, కొన్ని కుచ్చులు సంచిలో వేసుకుని, ఒక మధ్యాహ్నం ఆటో ఎక్కి వెళ్లింది. తెల్ల గుర్రం. దున్నపోతు మెడ ఏ కొలతకూ లొంగదు, గుర్రం మెడ సన్నగా, పైకి పోయే కొద్దీ ఇంకా సన్నగా ఉంది. వరుసకు గవ్వలు తగ్గించాలి, నవారు వెడల్పు సగం చేయాలి, చెవుల దగ్గర బిగుతు అసలు ఉండకూడదు. ఇవన్నీ ఆమె గుర్రం చుట్టూ తిరుగుతూ తనలో తాను అనుకుంటూ ఉంటే, గుర్రం మెడ వంచి ఆమె సంచిలో మూతి పెట్టి ఎర్ర ఉన్ని కుచ్చు ఒకటి లాక్కుని నమలడం మొదలుపెట్టింది. గుర్రం యజమాని గాబరాపడి ముందుకొచ్చాడు. ఆండాలు అతన్ని ఆగమని చెయ్యి చూపించింది. కుచ్చును నెమ్మదిగా దాని నోట్లోంచి లాగి, తడిసిన ఉన్నిని కొంగుతో తుడిచి చూసింది. రంగు పోలేదు. అది చూసి తృప్తిపడి, గుర్రానికి బ్యాండు మోతంటే భయమా, అలవాటా అని యజమానిని అడిగింది. అలవాటేనని అతను చెప్పాడు. అయితే గజ్జెలు కూడా పెడతానని, పది రోజుల్లో తెచ్చి తానే కట్టి చూస్తానని చెప్పి, టేపును మళ్లీ ఒకసారి గుర్రం మెడ చుట్టూ వేసింది.